తిత్లీలో కూలిన తోట, వెబ్‌సైట్‌లో ఇంకా పచ్చగానే ఉంది

పలాస-కాశీబుగ్గ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను.

"నాకు 31 ఏళ్లు. బీకాం చదివాను. పెళ్లయి ఆరేళ్లు. మా మావయ్యగారికి చిన్న జీడి ఫ్యాక్టరీ, దాని ముందే దుకాణం ఉన్నాయి. 2018 వేసవిలో మా మరిది పట్టుబట్టి వెబ్‌సైట్ చేయించాడు. మొదటి పేజీలో మావయ్యగారు తన తోటలో జీడిచెట్టు కింద నిలబడిన ఫొటో, కింద 'మా సొంత తోట పప్పు మాత్రమే' అన్న మాట ఉంటాయి. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ తోట కూలిపోయింది. నేను ఈ ఇంటికి వచ్చేసరికి అక్కడ మోళ్లు, కొత్తగా వేసిన అంటు మొక్కలు మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు పిక్కలు (పైపెంకు తీయని జీడిగింజలు) ఎక్కువగా బయట కొంటాం. సీజన్ కానప్పుడు ఆఫ్రికా పిక్క కూడా వాడతాం.

రెండేళ్లుగా ఒక ఏజెన్సీకి నెలకు 6,000 కడుతున్నాం. వాళ్లు నెలకు ఎనిమిది ఆర్టికల్స్ పెడతారు. 'జీడిపప్పుతో 10 లాభాలు', 'జీడిపప్పు తింటే షుగర్ మాయం' లాంటివి. ఇప్పటికి 190 దాకా అయ్యాయి. ధరల పట్టిక మాత్రం రెండేళ్ల కిందటిదే ఉండిపోయింది. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన పెళ్లికోసం 12 కిలోలు ఆ పాత ధర చూసి ఆర్డర్ పెట్టారు. 'మనం రాసిన ధరే కదా' అని మావయ్యగారు నష్టానికే ఇచ్చేశారు. ఇచ్చాక మాత్రం 'ఆ సైటు మూసేయండి, నాకు కనపడకూడదు' అన్నారు. మా ఆయనేమో 'వారం వారం కొత్త ఆర్టికల్ పడుతుంటేనే గూగుల్‌లో పైకి వస్తాం, ఏజెన్సీ ఉండాల్సిందే' అంటారు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక వాట్సాప్‌లో కస్టమర్లకు జవాబులు రాసేది నేనే. రోజూ అవే ప్రశ్నలు. సైటు మారుద్దామంటే 'నీకెందుకమ్మా ఆ టెన్షన్' అంటారు. మూసేయాలా? ఏజెన్సీని ఉంచాలా? నేనే చేయగలనా? అన్నిటికంటే కష్టం, ఆ తోట ఫొటో సంగతి. మావయ్యగారితో ఆ మాట ఎత్తడానికి నోరు రావడం లేదు."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వెబ్‌సైట్ గురించి అడిగారు. కానీ అందులో మూడు సంగతులు ముడిపడి ఉన్నాయి. ధర పాతబడడం ఒకటి, ఎవరికీ పనికిరాని ఆర్టికల్స్ గుట్ట పడడం రెండోది. ఇంట్లో ఈ పని ఎవరిదో తేలకపోవడం మూడోది. మీవాళ్లు మొదటిదానికి కోపగించుకుంటున్నారు, రెండోదానికి డబ్బు కడుతున్నారు, మూడోదాన్ని పట్టించుకోవడం లేదు. అందుకే మీకు ఊపిరాడడం లేదు.

ముందు మీ ఆయన మాట తీసుకుందాం. కొత్త ఆర్టికల్ పడితే గూగుల్‌లో పైకి వస్తామన్న నమ్మకం ఆయన ఒక్కరిది కాదు, చాలా ఏజెన్సీలు అదే చెప్పి డబ్బు తీసుకుంటాయి. గూగుల్ తన మార్గదర్శకాల్లో ఇందుకు వేరేగా రాసింది. సైటు తాజాగా కనిపించాలని మాత్రమే కొత్త పేజీలు చేర్చినా, పాతవి తీసేసినా లాభం లేదని స్పష్టంగా చెప్పింది. లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రం మార్చడం చేయకూడని పనుల్లో చేర్చింది. 2024 మార్చిలో అయితే, చదివేవాళ్ల మేలు చూడకుండా ర్యాంకు కోసమే పేజీలను గుట్టలుగా తయారుచేయడాన్ని స్పామ్ నిబంధనల్లోకి తెచ్చింది. కొత్తదనం లెక్కలోకి వచ్చే సందర్భాలు లేకపోలేదు. ఎన్నికల ఫలితాలు, తుఫాను కబురు, పరీక్షల తేదీలు వెతికేవాళ్లకు ఈ పూట సమాచారమే కావాలి. జీడిపప్పు డబ్బాలో ఎలా దాచుకోవాలన్నది పదేళ్ల కిందటా అదే, ఇప్పుడూ అదే. దాని మీద ఎనిమిదోసారి రాసిన ఆర్టికల్ ఎవరికి కావాలి?

మీ సైటులో పాతబడిందల్లా మీ దుకాణంలో మారుతున్నదే. ధర, ఏ గ్రేడు ఉంది ఏది లేదు, పిక్క ఎక్కడిది, పార్శిల్ ఎన్ని రోజుల్లో చేరుతుంది, దుకాణం ఏ రోజు తెరవరు. వీటిని ఏజెన్సీ రాయలేదు, ఎందుకంటే వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు ఫ్యాక్టరీలో ఉన్నారు. రాయగలిగిన మనిషి రాత్రి పదింటికి వంటింటి గట్టు మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మూడేళ్ల కిందట విజయనగరంలో ఒక బట్టల షాపులో మా ఇంటి పెళ్లికి చీరలు ఆర్డర్ ఇచ్చి, తెచ్చుకోవడానికి వెళ్లాను. వాళ్ల వెబ్‌సైట్‌లో 'అన్ని రోజులూ ఉదయం 10 నుంచి' అని ఉంది. నేను వెళ్లింది దసరా తర్వాత వచ్చే మొదటి మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు. గుడికీ కోటకీ మధ్య సిరిమాను తిరిగే ఆ పూట ఆ రోడ్డు మీద కాలు పెట్టే చోటు ఉండదు, షాపు తలుపులు వేసి ఉన్నాయి. అదే సైటులో 'పెళ్లికూతురికి ఏ రంగు నప్పుతుంది' అని వారం కిందట పెట్టిన కొత్త వ్యాసం మాత్రం ఉంది. ఆ వ్యాసం బదులు 'ఉత్సవం రోజు సెలవు' అని ఒక్క ముక్క రాసి ఉంటే మా అక్కని ఆ ఎండలో నిలబెట్టేదాన్ని కాదు.

ఇక ధర సంగతి. మీ పట్టిక రెండేళ్లు ఎందుకు మారలేదో మీరే ఉత్తరంలో ఒకచోట రాశారు, బహుశా గమనించి ఉండరు: "ధరలు రంగుల బ్యానర్‌లో ఉంటాయి, అది మార్చాలంటే ఏజెన్సీ డిజైనర్‌కి చెప్పాలి." అదే అసలు రోగం. ధరను బొమ్మలో కలిపి అచ్చు వేసినట్టు పెడితే, మారినప్పుడల్లా ఇంకొకరి చేతి కోసం ఎదురుచూడాలి. మీకు చెప్పాలనిపించదు, వాళ్లకు చేయాలనిపించదు. ధర ఒక్క పేజీలో, మామూలు అక్షరాల్లో, మీ ఫోన్ నుంచే మార్చగలిగేలా ఉండాలి. మిగతా పేజీలన్నీ ఆ పేజీకే దారి చూపాలి. పైన తేదీ వేసి 'ఈ ధరలు ఈ శనివారం వరకు' అని రాయండి. తేదీ కనపడితే పాతదో కొత్తదో చూసేవాళ్లకు తెలుస్తుంది, మీకూ మార్చాలన్న గుర్తు ఉంటుంది.

ధరలు మొత్తానికే తీసేసి 'ఫోన్ చేయండి' అని పెట్టడం ఇంకో దారి. మావయ్యగారికి ఇది నచ్చవచ్చు. నష్టం ఉండదు, మాట పోయే భయం ఉండదు. కానీ ధర లేని చోట సగం మంది ఫోన్ చేయకుండానే పక్క దుకాణానికి వెళ్లిపోతారు, చేసిన సగం మంది ఫోన్లన్నీ మీ నెత్తినే పడతాయి. పైగా మీ సైటులో నేరుగా ఆర్డర్ పెట్టే బటన్ ఉందన్నారు. ప్యాకెట్ సరుకు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ధర, నికర బరువు, తయారుచేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదుకి ఎవరిని అడగాలో చూపించాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. బటన్ ఉంచితే ధర ఉండాలి. బటన్ తీసేస్తే అది ఉత్త పరిచయ పత్రంలాంటి సైటు అవుతుంది, దానికి అంత సంరక్షణ అక్కర్లేదు. రెండూ సరైనవే. మీ చేతిలో ఎంత సమయం ఉందన్నదాన్ని బట్టి తేల్చుకోండి.

మీరు 'అవే ప్రశ్నలు' అని విసుక్కున్న చోటే నాకు బాగా ఆశ పుట్టింది. ఉత్తరంతో పాటు పంపిన వాట్సాప్ జవాబుల్లో ఒకటి చూశాను. ఒకావిడ '320కీ 240కీ తేడా ఏమిటండీ' అని అడిగింది. మీరు ఇలా రాశారు: "అమ్మా, అది పౌనుకు ఎన్ని గింజలు వస్తాయో చెప్పే లెక్క. అంకె పెరిగితే గింజ చిన్నదవుతుంది. పాయసానికి 320 చాలు, పెళ్లి పళ్లేల్లో పెట్టడానికి 240 అందంగా ఉంటుంది." మూడు వాక్యాలు. మీ సైటులో ఉన్న 190 ఆర్టికల్స్‌లో ఇంత పనికొచ్చే మాట ఒక్కటి నాకు కనపడలేదు.

దాన్నే పేజీ చేయండి. పౌను అంటే 454 గ్రాములు. డబ్ల్యూ 320 (డబ్ల్యూ అంటే విరగని తెల్ల పప్పు) అంటే పౌనుకు 300 నుంచి 320 గింజలు, కాబట్టి పావుకిలోలో సుమారు 165 నుంచి 176 గుండు పప్పులు. డబ్ల్యూ 240 అయితే అదే పావుకిలోకి 121 నుంచి 132 వస్తాయి. డబ్ల్యూ 180 వందకి లోపే. పగటి వెలుతురులో, ఫ్యాక్టరీలో వాడే ఆ అల్యూమినియం ట్రేలోనే, మూడు రకాలూ పావుకిలో చొప్పున పక్కపక్కన పోసి ఫొటో తీయండి. ఒక్కో గింజ మీ అరచేతిలో పెట్టి ఇంకో ఫొటో తీయండి. బద్ద (రెండుగా విడిపోయిన పప్పు) ధర ఎందుకు తక్కువో, ముక్క దేనికి బాగుంటుందో రాయండి. బద్దలో రుచి తగ్గదు, విరిగింది కాబట్టే ధర తగ్గుతుందని చాలామందికి తెలియదు. ఇది తెలిస్తే కూరలో వేసుకునేవాళ్లు బద్దే కొంటారు, మీ దగ్గర మిగిలిపోయే సరుకు కదులుతుంది. ఈ పేజీ ఏళ్ల తరబడి పాతబడదు.

అలాగే 'వానాకాలంలో మెత్తబడుతోంది' అన్న ఫిర్యాదు, 'కొంచెం పొగ వాసన ఎందుకొస్తోంది' అన్న ప్రశ్న. పిక్కని కాల్చడానికీ ఆవిరిలో ఉడకబెట్టడానికీ తేడా మీ మావయ్యగారికి తెలిసినట్టు ఏ ఏజెన్సీకి తెలుస్తుంది? పిక్క కొట్టే, పొట్టు తీసే అక్కల చేతులు చూపించండి, వాళ్లు సరేనంటేనే. జీడినూనె తగిలి నల్లబడకుండా బూడిద రాసుకునే చేతులు, గింజ విరగకుండా కత్తి మొనతో పొర తీసే ఒడుపు చూసినవాళ్లకు కిలో ధర ఎందుకంతో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆర్టికల్స్‌లో ఒక్కదాన్ని మాత్రం ఈ రాత్రికే తీయించండి. 'షుగర్ మాయం' అన్నది. తినే సరుకు అమ్మేవాళ్లు అది జబ్బు నయం చేస్తుందని చెప్పకూడదు. ఆహార ఉత్పత్తుల ప్రకటనలపై 2018లో వచ్చిన నిబంధనలు దాన్ని నిషేధించాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకి 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. రాసింది ఏజెన్సీ అయినా కింద ఉన్నది మీ ఫ్యాక్టరీ పేరు, మీ 14 అంకెల లైసెన్సు నంబరు. ఏ షుగర్ రోగి అయినా అది నమ్మి మందు మానేస్తే? అది తలుచుకుంటేనే నాకు భయమేస్తోంది.

మిగతా 189 గురించి హడావుడి పడకండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరుకుతుంది, గూగుల్ నుంచి ఏ పేజీకి ఎంతమంది వచ్చారో, ఏం వెతుక్కుంటూ వచ్చారో 16 నెలల వెనక్కి చూపిస్తుంది. పోయిన సంక్రాంతినీ ఈ సంక్రాంతినీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఎవరూ రాని పేజీలు తీసేస్తే మీకేమీ నష్టం లేదు. నలుగురు వస్తున్న పేజీని తీసేటప్పుడు మాత్రం దాన్ని మీరు కొత్తగా రాసిన పేజీకి మళ్లించమనండి, వచ్చినవాళ్లు ఖాళీ గోడకి గుద్దుకోకుండా.

ఇప్పుడు మూసేయడం, ఏజెన్సీ, మీరు. మూసేస్తే ఇంట్లో గొడవ ఆ రోజుకి సద్దుమణుగుతుంది. కానీ మీ సంచుల మీద, డబ్బాల మీద ఆ సైటు చిరునామా అచ్చయి ఉంది. డొమైన్, అంటే ఆ చిరునామా, రెన్యువల్ మానేస్తే కొన్నాళ్లకు దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు, మీ డబ్బా చూసి వెళ్లినవాళ్లు ఏ జూదం సైటుకో చేరవచ్చు. మూసేసినా డొమైన్ మాత్రం వదలకండి. ఒక్క పేజీ, ఫోన్ నంబరు, చిరునామా ఉంచండి.

ఏజెన్సీని ఉంచితే పని మార్చి ఉంచండి. ఎనిమిది ఆర్టికల్స్ వద్దు, నెలకి ఒకసారి సైటు సరిగా పనిచేస్తోందో చూడడం, మీరు రాసింది పెట్టడం, ధరల పేజీ మీ చేతికి వచ్చేలా చేయడం. దానికి 6,000 ఎక్కువ, బేరమాడండి. ఈ మాట ఎత్తే ముందు ఒక పని ఉంది. డొమైన్ ఎవరి ఈమెయిల్ మీద ఉంది, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కోండి. వాళ్ల పేరు మీదుంటే, సంబంధాలు బాగున్నప్పుడే మీ ఇంటి పేరు మీదకి మార్పించుకోండి. చెడ్డాక అడిగితే తిప్పలు పడతారు.

మీరే చేయవచ్చు కూడా, మీకా శక్తి ఉంది. కానీ ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఇప్పటికే మీరు చేస్తున్న వాట్సాప్ పనికి ఇంట్లో పేరు లేదు, లెక్క లేదు. దానిమీద ఇదీ తెచ్చి పెట్టుకుంటే, బాగున్నప్పుడు ఎవరూ చూడరు, ధర ఒకటి తప్పినప్పుడు 'కోడలు చూసుకుంటోంది కదా' అంటారు. అందుకని చేసేముందు అడగండి. వారానికి రెండు గంటలు పగటిపూట, దుకాణంలో కూర్చుని, పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకుంటుండగా. ధర మారినప్పుడు చెప్పే పని మీ ఆయనది, చెప్పింది పెట్టే పని మీది. ఏజెన్సీకి తగ్గించిన డబ్బులో కొంత మీ పేరు మీద జీతంగా రాయించుకోండి. అడగడానికి మొహమాటపడతారని తెలుసు. కానీ బయటివాళ్లకు నెలనెలా కట్టినప్పుడు ఎవరూ మొహమాటపడలేదు కదా. వాళ్లు ఒప్పుకోకపోతే ఒక్క ధరల పేజీ మాత్రం తీసుకుని, మిగతాది వదిలేయండి. అది ఓటమి అనుకోవద్దు, మీ ఆరోగ్యం కూడా లెక్కలోదే.

ఇక ఆ ఫొటో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మీ తీరం దాటింది. మీ పలాస చుట్టూ ఉన్న ఉద్దానం ప్రాంతంలో ముప్పై, నలభై ఏళ్లు పెంచిన జీడి, కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. మీరు చూడని ఆ తోట మీ మావయ్యగారికి ఇప్పుడు ఆ సైటులోనే మిగిలింది. 'కనపడకూడదు, మూసేయండి' అన్న మనిషి, ఏడేళ్లు దాటినా ఆ ఫొటో తీయమని ఒక్కసారీ అనలేదని మీరే రాశారు. కాబట్టి దాన్ని తీసేద్దామని అడగకండి, తీయనక్కర్లేదు.

మార్చాల్సింది దాని కింద రాసిన మాట. 'మా సొంత తోట పప్పు మాత్రమే' అన్నది రాసిన రోజున నిజం, ఇప్పుడు కాదు. నష్టానికైనా రాసిన ధరకే సరుకిచ్చిన మనిషికి ఈ మాట అర్థం కాకుండా పోదు. ఆయన కోపమంతా తన మాట అబద్ధమైందన్న బాధే అనిపిస్తోంది నాకు. 'మావయ్యా, ధర పాతదైనందుకే మీరు అంత బాధపడ్డారు, ఈ మాట కూడా పాతబడింది' అని మీరు నెమ్మదిగా అంటే వింటారు.

పిక్క ఎక్కడిదో చెప్పడంలో మీకు రెండు దారులున్నాయి. ఆ వాక్యం తీసేసి ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు, అడిగినవాళ్లకు నిజం చెబుతారు. లేదంటే ఉద్దానం పిక్కతో చేసిన పప్పునీ, బయటి పిక్కతో చేసిన పప్పునీ వేరే పేర్లతో, వేరే ధరలతో పెట్టవచ్చు. దీనికి ఫ్యాక్టరీలో బస్తాలు కలవకుండా చూడాలి, అది చిన్న పని కాదు. రెండోదాని ధర తగ్గించమనేవాళ్లు ఉంటారు. కానీ మార్చి నుంచి మే దాకా మీ చుట్టూ కొత్త కాపు వచ్చే రోజుల్లో 'ఈ వారం ఉద్దానం పిక్క వచ్చింది' అని మీరు ఒక్క లైను రాస్తే, అది ఏ ఏజెన్సీ రాయలేని తాజా కబురు. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. ఫ్యాక్టరీ చిన్నదన్నారు కాబట్టి మీరు మాత్రం మావయ్యగారిని అడిగే తేల్చండి.

ఫొటోని మొదటి పేజీ నుంచి 'మా తోట' అన్న పేజీలోకి తీసుకెళ్లండి, పెద్దదిగా. కింద తేదీ వేయండి: 2018 వేసవి, తిత్లీకి ముందు. పక్కన, అంటు మొక్కలు ఇప్పుడెంత ఎదిగాయో చూపే ఫొటో. మూడు నాలుగేళ్లకే కాపు మొదలవుతుంది కాబట్టి ఇప్పటికి వాటి కింద మనిషి నిలబడగలడు. ఆయన్నే నిలబెట్టండి, ఆ పాత ఫొటోలో ఉన్నట్టే. మొదటిసారి దాని గురించి మాట్లాడేది ఇంట్లో కూర్చుని కాకుండా, ఒక ఉదయం ఆయనతో తోటకి వెళ్లి, ఆ చెట్టు ఎక్కడ ఉండేదో చూపించమని అడగండి. ఎవరు నాటారో, ఏ ఏడాదో, ఎన్ని బస్తాలు కాసేదో. ఆయన చెప్పినవి చెప్పినట్టే రాసుకోండి.